థ్రాటిల్ నొక్కగానే స్టీరింగ్ వణుకుతోంది: 1/28 కారు ఎలక్ట్రానిక్స్ ఎంపికలో ఎక్కడ తప్పు చేశాను?

బుల్లిచక్రం

నా దగ్గర 1/28 స్కేలు (అసలు కారులో 28వ వంతు) రిమోట్ కంట్రోల్ కారు, డబ్ల్యూఎల్‌టాయ్స్ కే989 ఉంది. రెండేళ్ల పాటు పెట్టెలో వచ్చిన ఎలక్ట్రానిక్స్‌తోనే నడిపాను. ఆ కారులో రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవరు, మోటారుకు కరెంటు వదిలే స్పీడ్ కంట్రోలరు రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి. ముందు చక్రాలను తిప్పే సర్వోకు మూడు తీగలకు బదులు ఐదు తీగలు ఉంటాయి కాబట్టి బయట కొన్న మామూలు సర్వో ఆ బోర్డుకు పట్టదు. దీనితో విసిగి, గత నెలలో బోర్డు మొత్తం తీసేసి 9000 కేవీ సెన్సార్ లేని బ్రష్‌లెస్ మోటారు, దానికి తగిన స్పీడ్ కంట్రోలరు, మూడు తీగల చిన్న డిజిటల్ సర్వో, విడిగా ఒక రిసీవరు అమర్చాను. మొత్తం దాదాపు ఏడు వేల రూపాయలు అయింది.

ఇప్పుడు కారు పూనకం వచ్చినట్టు ప్రవర్తిస్తోంది. థ్రాటిల్ గట్టిగా నొక్కగానే ముందు చక్రాలు గడగడ వణుకుతాయి, ఒక్కోసారి కారు అర క్షణం పాటు పూర్తిగా చచ్చిపోయి మళ్లీ లేస్తుంది. నేరుగా పోతున్నప్పుడు అరుదుగా వస్తుంది. మా ట్రాక్‌లో సోఫా పక్కనున్న కుడి మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం దాదాపు ప్రతి ల్యాపులోనూ వస్తోంది. మోటారు మార్చాలా, కంట్రోలరు మార్చాలా, లేక పాత బోర్డే తిరిగి పెట్టుకోవాలా?

కోఠీ_కెపాసిటర్

ఇది బీఈసీ సమస్య. స్పీడ్ కంట్రోలరులో బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించి రిసీవరుకు, సర్వోకు అందించే భాగాన్నే బీఈసీ అంటారు. మోటారు ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు, అదే సమయంలో సర్వో కూడా లాగితే, ఆ 5 వోల్టులు జారిపోతాయి. రిసీవరు తట్టుకోగలిగిన కనిష్ఠం కన్నా దిగువకు వెళ్లిందంటే అది ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. మీరు చెప్పిన అర క్షణపు చావు అదే. రిసీవరులో ఖాళీగా ఉన్న చానెలుకు 470 మైక్రోఫారడ్, 10 వోల్టుల కెపాసిటరు ఒకటి తగిలించి చూడండి. ధన, రుణ ధ్రువాలు తారుమారు చేస్తే అది పేలుతుంది, జాగ్రత్త.

విశాఖ_వేగం

కెపాసిటరు కన్నా ముందు బ్యాటరీ సంగతి చెప్పండి. పెట్టెలో వచ్చిన 7.4 వోల్టుల 400 మిల్లీ ఆంపియర్ అవర్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) నే ఇంకా వాడుతున్నారా? దాని మీద 20 సీ (సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదన్న అంకె) అని రాసి ఉంటే 0.4ను 20తో గుణించండి, 8 ఆంపియర్లు వస్తాయి. చవక బ్యాటరీల లేబులు మీద రాసిన అంకె పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాంటిది కనుక, అందులో కొంత కోసుకోవాలి. బ్రష్‌లెస్ మోటారు నిలకడ నుంచి లేచేటప్పుడు అంతకు మించి అడగగలదు.

గేరుపళ్లు

అసలు పాపం 9000 కేవీలో ఉంది. కేవీ అంటే భారం లేనప్పుడు ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్క. 9000ను 7.4తో గుణిస్తే 66,600 చుట్లు. గేరు నిష్పత్తి 5:1 అనుకుంటే చక్రం నిమిషానికి 13,320 సార్లు తిరుగుతుంది. నా కారు టైరు అడ్డుకొలత 25 మి.మీ., అంటే ఒక్క చుట్టుకు సుమారు 78 మి.మీ. లెక్క వేస్తే గంటకు 62 కిలోమీటర్లు దాటుతుంది. భారం పడ్డాక ఆ వేగం రాదు, నిజమే. అయినా సోఫాకు, టీవీ స్టాండుకు మధ్య నడిపే కారుకు ఆ అంకెతో పనేమిటి? అదే లెక్కన 3500 కేవీ మోటారుకు గంటకు 24 కిలోమీటర్లు వస్తుంది. ఇంటి ట్రాక్‌కు అది కూడా ఎక్కువే.

బుల్లిచక్రం

విశాఖ_వేగం గారూ, అవును, పాత బ్యాటరీయే. గేరుపళ్లు గారూ, అంకె పెద్దదైతే మంచిదనుకుని కొన్నాను, ఒప్పుకుంటున్నాను. కానీ కుడి మలుపు వరకు బాగానే వస్తున్న కారు అక్కడే ఎందుకు చస్తోందో కేవీ లెక్కతో నాకు అర్థం కావడం లేదు.

డాలస్_ఎపెక్స్

నేను ఇక్కడ టెక్సస్‌లో ఎక్కువగా మినీ-జీ నడుపుతాను. క్యోషో సంస్థ 1999లో తెచ్చిన చిన్న రిమోట్ కార్ల శ్రేణి అది, నాలుగు ట్రిపుల్-ఏ సెల్స్ మీద నడుస్తుంది. అందులో ఎంఆర్-03 ఈవో మోడలు దగ్గరికి వచ్చేసరికి వాళ్లు సెన్సార్ ఉన్న బ్రష్‌లెస్ మోటారు తెచ్చారు. రిసీవరును కూడా చిన్న విడి ముక్కగా చేశారు కాబట్టి మన చేతిలో ఏ కంపెనీ ట్రాన్స్‌మిటరు ఉంటే దానికి తగిన ముక్క గుచ్చుకోవచ్చు.

సెన్సార్ ఎందుకు ముఖ్యమో చెబుతాను. సెన్సార్ లేని కంట్రోలరు, మోటారు తిరుగుతున్నప్పుడు తీగలలో వెనక్కి పుట్టే వోల్టేజీని చూసి రోటరు ఎక్కడుందో ఊహిస్తుంది. కారు నిలబడి ఉంటే ఆ వోల్టేజీ పుట్టదు, కాబట్టి కంట్రోలరు గుడ్డిగా తడుముకుంటుంది, మోటారు నత్తి కొడుతుంది, ఆ నత్తిలో కరెంటు వృథాగా పోతుంది. సెన్సార్ ఉంటే, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ చిప్పులు రోటరు స్థానాన్ని నిలకడలోనే చెప్పేస్తాయి. చిన్న ట్రాక్‌లో మనం సగం సమయం నెమ్మదిగానే పోతాం, మలుపు మధ్యలో వేలితో థ్రాటిల్‌ను గోరంత కదుపుతాం. ఆ గోరంత కదలికకు కారు గోరంతే స్పందించాలంటే సెన్సార్ కావాలి.

ఒక హెచ్చరిక. సెన్సార్ లేని మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు తీగలలో ఏ రెండిటినైనా మార్చి సరిచేసుకోవచ్చు. సెన్సార్ ఉన్నదానిలో ఆ పని చేయకూడదు, ఏ, బీ, సీ తీగలు వాటి వాటి చోటే ఉండాలి. దిశను కంట్రోలరు సెట్టింగులలోనే మార్చుకోవాలి.

గేరుపళ్లు

డాలస్_ఎపెక్స్ గారు చెప్పింది శాస్త్రం ప్రకారం నిజమే, కానీ సెన్సార్ అంటే మరో సన్నని తీగల కట్ట. 1/10 కారులో అది ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. 1/28లో అది ప్రొపెల్లర్ షాఫ్టు పక్కన దూరి, ఒక రోజు గేరులో పడి, మన కళ్ల ముందే నూడుల్స్ అవుతుంది. నాకు అయింది. కొత్తగా మొదలుపెట్టేవారు మామూలు 130 పరిమాణపు బ్రష్డ్ మోటారుతో ఒక ఏడాది నడిపితే చేయి కుదురుతుందని నా అభిప్రాయం.

డాలస్_ఎపెక్స్

కట్టను ఛాసిస్ అంచు వెంట టేపుతో అణచి ఉంచితే గేరుకు ఎందుకు చిక్కుతుంది? తప్పు తీగది కాదు, అమర్చినవారిది.

గేరుపళ్లు

అమర్చినది నేనే కాబట్టి ఈ వాదన ఇక్కడితో ఆపుతాను.

టంకం_మాస్టారు

బుల్లిచక్రం గారూ, మీరు ఏం కొన్నారన్నది అందరూ మాట్లాడారు, ఎలా అమర్చారన్నది ఎవరూ అడగలేదు. లోపలి ఫోటో ఒకటి పెట్టండి.

బుల్లిచక్రం

ఫోటో జత చేశాను. టంకం పని చూసి నవ్వకండి.

టంకం_మాస్టారు

నవ్వడం లేదు, కానీ నాలుగు మాటలు చెప్పక తప్పదు.

బ్యాటరీ తీగ దగ్గర టంకం బూడిద రంగులో ముద్దగా నిలిచింది. అంటే లోహం సరిగా వేడెక్కకముందే టంకం పోశారు. 60/40 లేదా 63/37 తగరం-సీసం టంకం, కొంచెం ఫ్లక్స్, 350 డిగ్రీల ప్రాంతంలో వేడెక్కిన వెడల్పాటి మొన తీసుకుని, ముందు తీగకూ ప్యాడుకూ విడివిడిగా పూత పట్టించి, తర్వాత రెండిటినీ కలిపి రెండు సెకన్లు తాకించండి. అతుకు మెరుస్తూ, అంచుల వైపు పల్చగా జారినట్టు కనిపించాలి. సన్నని మొనతో పది సెకన్లు తాకించి ఉంచితే ప్యాడే ఊడి వస్తుంది.

రెండోది, కంట్రోలరుతో వచ్చిన తీగల పొడవును మీరు తగ్గించలేదు. ఉంగరాలు చుట్టి బాడీ కింద కుక్కారు. తీగ పొడవు పెరిగితే వోల్టేజీ జారుడూ పెరుగుతుంది, బరువు కూడా ఒక పక్కకు చేరుతుంది. 22 గేజీ సిలికాన్ తీగ తెచ్చి, అవసరమైనంతే ఉంచండి.

మూడోది యాంటెన్నా. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 125 మి.మీ., అందులో నాలుగో వంతు సుమారు 31 మి.మీ. యాంటెన్నా తీగ చివర తొడుగు లేకుండా కనిపించే ఆ 31 మి.మీ. భాగమే సంకేతాన్ని పట్టుకుంటుంది, మిగతాది కేవలం దారి. మీరు ఆ చివరను మోటారు తీగల కింద, కార్బన్ ఫైబర్ పై పలకకు అంటించి టేపు వేశారు. కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఆ చివరను చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పైకి నిలబెట్టండి. పొడవుగా ఉందని కత్తిరించవద్దు.

నాలుగోది, కంట్రోలరు మీద నురుగు టేపు చుట్టారు. దానికి గాలి తగలాలి.

కోఠీ_కెపాసిటర్

సిలికాన్ తీగ, కెపాసిటరు, మల్టీమీటరు అన్నీ హైదరాబాదులో ఉన్నవారికి కోఠీ గుజరాతీ గల్లీలో ఒకే చక్కరులో దొరుకుతాయి. నేనూ అక్కడే తిరుగుతూ ఈ పేరు పెట్టుకున్నాను.

బుల్లిచక్రం

వారాంతమంతా ఇదే పని. అతుకులన్నీ కరిగించి మళ్లీ వేశాను, తీగలు సగానికి తగ్గించాను, యాంటెన్నా బాడీలో నిలువుగా నిలబెట్టాను, కెపాసిటరు తగిలించాను. కారు పూర్తిగా చచ్చిపోవడం తగ్గింది. నేరుగా పోతున్నప్పుడు వణుకు అసలు లేదు. కుడి మలుపు తర్వాత మాత్రం ఇంకా వస్తోంది. కంట్రోలరును వేలితో తాకితే మోటారు తీగల వైపు గోరువెచ్చగా ఉంది, రిసీవరు తీగ బయలుదేరే వైపు మాత్రం చేయి పెట్టలేనంత వేడి.

కోఠీ_కెపాసిటర్

అంటే యాంటెన్నా సగం దోషి, బీఈసీ మిగతా సగం. తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కంట్రోలరు నుంచి రిసీవరుకు వెళ్లే మూడు తీగలలో మధ్యనున్న ఎర్ర తీగ పిన్నును కనెక్టరు నుంచి బయటికి లాగి టేపు చుట్టండి. నాలుగు ట్రిపుల్-ఏ నికెల్ సెల్స్ ఉన్న పెట్టెను రిసీవరుకు విడిగా తగిలించండి, 4.8 వోల్టులు వస్తాయి. ఎర్ర తీగ తీయకుండా రెండో సరఫరా తగిలిస్తే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి, మరవకండి. కారు బరువెక్కుతుంది, ఫరవాలేదు, ఇది పందెం కాదు, పరీక్ష.

బుల్లిచక్రం

కారు నెత్తి మీద సెల్స్ పెట్టెను టేపుతో కట్టి నడిపాను. శబరిమల బస్సు మీద సామాను కట్టినట్టు ఉంది. కానీ వణుకు పూర్తిగా పోయింది! ఇరవై ల్యాపుల్లో ఒక్కసారి కూడా రాలేదు.

కోఠీ_కెపాసిటర్

నేను మొదటి రోజే చెప్పాను. ఇక పెద్ద బీఈసీ ఉన్న కంట్రోలరు కొనుక్కోండి. చవక కంట్రోలర్లలో లీనియర్ బీఈసీ ఉంటుంది, అది మిగులు వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. నిండుగా చార్జ్ అయిన రెండు సెల్స్ లైపో 8.4 వోల్టులు, అందులోంచి 5 తీస్తే 3.4 మిగిలింది. సర్వో 1 ఆంపియరు లాగితే 3.4 వాట్లు గోరంత చిప్పులో వేడిగా మారాలి. స్విచింగ్ రకం బీఈసీకి ఈ బాధ చాలా తక్కువ.

ఓరుగల్లు_లైన్

ఆలస్యంగా చదివాను. కొత్త కంట్రోలరు కొనేముందు ఒక్క మాట. బుల్లిచక్రం గారు మొదటి పోస్టులో ఒక మాట, ఆ తర్వాత మళ్లీ రెండుసార్లు అదే మాట చెప్పారు: కుడి మలుపు. బీఈసీ నిజంగా చిన్నదైతే ఎడమ మలుపులోనూ ఇదే జరగాలి కదా? బీఈసీకి కుడి, ఎడమ తెలియవు.

ఈ పరీక్ష చేయండి. కారును చేతిలోకి ఎత్తుకుని, థ్రాటిల్ ముట్టుకోకుండా, స్టీరింగును పూర్తిగా ఎడమకు తిప్పి పట్టుకుని సర్వోకు చెవి ఆనించండి. తర్వాత పూర్తిగా కుడికి తిప్పి పట్టుకుని మళ్లీ వినండి. ఎక్కువ సేపు పట్టుకోకండి, రెండు సెకన్లు చాలు.

బుల్లిచక్రం

ఎడమకు తిప్పితే నిశ్శబ్దం. కుడికి తిప్పితే సీసాలో చిక్కిన తేనెటీగలా జుయ్యిమంటోంది!

ఓరుగల్లు_లైన్

దొరికింది. సర్వోను బిగించినప్పుడు దాని చేయి సరిగ్గా మధ్యలోకి వచ్చిందా, లేక ట్రాన్స్‌మిటరులో మధ్యబిందువును జరిపే సబ్-ట్రిమ్ సెట్టింగుతో సరిచేశారా?

బుల్లిచక్రం

చేయి సర్వో షాఫ్టు మీద ఒక పన్ను పక్కకు కూర్చుంది. విప్పడానికి బద్ధకించి సబ్-ట్రిమ్‌తో మధ్యకు తెచ్చాను. దాదాపు చివరి దాకా తిప్పాల్సి వచ్చింది.

ఓరుగల్లు_లైన్

మీ మోటారు తప్పు కాదు, బీఈసీ తప్పూ కొంతే. ఆ సబ్-ట్రిమ్ వల్ల సర్వో మధ్యబిందువు ఒక వైపుకు జరిగింది. ఎడమకు తిప్పినప్పుడు చక్రాలు తమ హద్దుకు కొంచెం ముందే ఆగుతున్నాయి, కుడికి తిప్పినప్పుడు చక్రాలు హద్దుకు తగిలాక కూడా సర్వో ఇంకా తోస్తూనే ఉంది. కదలలేని సర్వో తన గరిష్ఠ కరెంటు లాగుతుంది, మీరు విన్న జుయ్యి అదే. కుడి మలుపు అంతా బీఈసీ వేడెక్కి అంచున నిలబడి ఉంటుంది. మలుపు చివర మీరు థ్రాటిల్ నొక్కగానే బ్యాటరీ వోల్టేజీ కూడా జారి, దానిని అంచు మీద నుంచి తోసేస్తుంది. మీరు తాకిన వేడి మోటారు వైపు కాక రిసీవరు తీగ వైపు ఉన్నదీ అందుకే. నెత్తి మీద పెట్టిన సెల్స్ సర్వో అడిగినంత ఇవ్వగలిగాయి కాబట్టి రోగం కనిపించలేదు, కానీ సర్వో అప్పుడు కూడా గోడను తోస్తూనే ఉంది.

ఇక సరిచేసే వరుస. ముందుగా ట్రాన్స్‌మిటరులో ట్రిమ్, సబ్-ట్రిమ్ రెండూ సున్నాకు తెండి. సర్వో చేయిని, స్టీరింగు కడ్డీని విప్పి పక్కన పెట్టండి. కారుకు కరెంటు ఇస్తే సర్వో తన నిజమైన మధ్యకు వచ్చి నిలుస్తుంది. అప్పుడు చేయిని వీలైనంత నిటారుగా కూర్చోబెట్టండి, పన్ను కుదరకపోతే చేయిని తలకిందులు చేసి చూడండి, చాలాసార్లు సగం పన్ను తేడా వస్తుంది. ఆ తర్వాత మిగిలిన వెంట్రుకవాసి తేడాకే సబ్-ట్రిమ్ వాడాలి. కడ్డీ తగిలించాక, సర్వో ఎంత దూరం తిరగాలో నిర్ణయించే ఎండ్ పాయింట్లు కుడి, ఎడమ రెండూ 50 శాతానికి తగ్గించి, చక్రం హద్దుకు తగిలే దాకా ఒక్కో శాతం పెంచుతూ, తగలగానే రెండు శాతం వెనక్కి రండి. రెండు వైపుల అంకెలు ఒకేలా ఉండాలని పట్టుబట్టకండి. రెండు వైపులా నిశ్శబ్దంగా ఉంటే చాలు.

విశాఖ_వేగం

ఈ జుయ్యిని నిర్లక్ష్యం చేసి నేను ఒక సర్వోను సాయంత్రంలోపు కాల్చేశాను. దానికి తోడు ఇంకో తప్పు కూడా చేశాను. అది అనలాగ్ సర్వో, ట్రాన్స్‌మిటరులో వేగవంతమైన డిజిటల్ మోడ్ ఆన్ చేసి ఉంది. అనలాగ్ సర్వోకు సెకనుకు 50 సంకేతాలు సరిపోతాయి, దానికి 300 పైచిలుకు పంపితే లోపలి మోటారు వేడెక్కి చస్తుంది. సర్వో కొనేటప్పుడు ఏ రకమో చూసుకుని ఆ మోడ్ పెట్టుకోండి.

కోఠీ_కెపాసిటర్

ఓరుగల్లు_లైన్ గారికి దండం. కుడి మలుపు అన్న మాట నేనూ మూడుసార్లు చదివాను, మూడుసార్లూ బీఈసీ అనే చదివాను. కంట్రోలరు కొనమన్న సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కెపాసిటరును మాత్రం ఉండనివ్వండి.

నిజాంపేట్_నైట్

ఇంత బాధ ఎందుకు, ఒక గైరో పెడితే స్టీరింగు దానంతట అదే సరి అవుతుంది కదా?

ఓరుగల్లు_లైన్

గైరో కారు తోక జారడాన్ని పట్టుకుంటుంది, సర్వో గోడను తోయడాన్ని కాదు. పైగా అది క్షణక్షణం సర్వోను కదుపుతూ ఉంటుంది కాబట్టి అదే బీఈసీ మీద ఇంకా భారం వేస్తుంది.

బుల్లిచక్రం

చేయి విప్పి, వరుసగా అన్నీ చేశాను. తలకిందులు చేయగానే చేయి దాదాపు నిటారుగా కూర్చుంది, సబ్-ట్రిమ్ 3 దగ్గర ఆగింది. ఎండ్ పాయింటు ఎడమకు 84, కుడికి 79 వచ్చింది. కంట్రోలరు నుంచి ఎర్ర తీగను మళ్లీ లోపల పెట్టి, నెత్తి మీది సెల్స్ తీసేసి నిన్న రాత్రి అరవై ల్యాపులు తిరిగాను. ఒక్క వణుకు కూడా లేదు, కంట్రోలరు రెండు వైపులా సమానంగా గోరువెచ్చగా ఉంది. పెళ్లి పందిళ్లవారి దగ్గర అద్దెకు తెచ్చిన ఎర్ర తివాచీ పీచు వెనక గేరులో చుట్టుకోవడం ఒక్కటే ఇప్పుడు మిగిలిన సమస్య.

కారు సరిగా నడుస్తోంది కాబట్టి 9000 కేవీ ఎంత ఎక్కువో కూడా ఇప్పుడే తెలిసింది. ట్రాన్స్‌మిటరులో థ్రాటిల్‌ను 55 శాతానికి పరిమితం చేసి నడుపుతున్నాను, అయినా నిలకడ నుంచి లేచేటప్పుడు డాలస్_ఎపెక్స్ గారు చెప్పిన నత్తి స్పష్టంగా ఉంది. జీతం రాగానే 3500 కేవీ సెన్సార్ మోటారు, దానికి తగిన కంట్రోలరు తీసుకుంటాను.

డాలస్_ఎపెక్స్

మంచి నిర్ణయం. కొనేముందు మోటారు షాఫ్టు మందం, మీ దగ్గరున్న పినియన్ గేరు రంధ్రం కొలత సరిపోతాయో లేదో చూసుకోండి. సెన్సార్ కనెక్టరు ఎటువైపు బయటికి వస్తుందో కూడా ఫోటోలో గమనించండి, ఛాసిస్ గోడ అడ్డు వస్తే మోటారును బిగించలేరు.

గేరుపళ్లు

తీగల కట్టకు టేపు వేయడం మరవకండి. అనుభవంతో చెబుతున్నాను.

టంకం_మాస్టారు

కొత్త అతుకుల ఫోటో చూశాను. మెరుస్తున్నాయి. కంట్రోలరు మీది నురుగు టేపు మాత్రం ఇంకా అలాగే ఉంది.

నిజాంపేట్_నైట్

బుల్లిచక్రం గారూ, మీరు తీసేసిన పాత ఐదు తీగల బోర్డు, సర్వో ఇంకా ఉన్నాయా? మా అక్క కొడుకు తన కే989 బోర్డుకు బ్యాటరీని తిరగేసి గుచ్చాడు. ధర చెబితే ఈ ఆదివారం వచ్చి తీసుకుంటాను.

బుల్లిచక్రం

రెండూ డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ధర వద్దు, వచ్చేటప్పుడు 22 గేజీ సిలికాన్ తీగ, ఎర్రది ఒక మీటరు, నల్లది ఒక మీటరు తెచ్చిపెట్టండి.